మూడో రోజు జాడీ

దెల్ఫీనా అజెవెదో ఇంటికి ఎవరు వచ్చినా గుమ్మం దగ్గర బూట్లు విప్పి, బోర్లించి, దులుపుకుని లోపలికి రావాలి. చర్చి నుంచి ఫాదర్ గారు వచ్చినా అంతే. కాలిఫోర్నియాలోని ఈ ఓక్లీ ఊరి ఇసుక అలాంటిది. పొద్దున ఊడ్చి బయట పోస్తే, మధ్యాహ్నం నది మీద నుంచి లేచే గాలి దాన్ని మళ్ళీ తెచ్చి వంటింట్లో పోస్తుంది. అరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇసుకను తిట్టని రోజు దెల్ఫీనాకు లేదు. కానీ తను తిట్టాలి గానీ ఇంకొకరు తిడితే ఊరుకోదు. ఇంకొకరు తిట్టబట్టే ఇంత కథ జరిగింది.

ఆ ఇసుకలో ఆమెకూ తమ్ముడు అర్నాల్దోకూ కలిపి నాలుగెకరాల ద్రాక్షతోట ఉంది. అంతా జిన్‌ఫాండెల్, ఎర్ర వైన్ చేసే నల్ల ద్రాక్ష. పోర్చుగల్ వాళ్ళ అజోర్స్ దీవుల నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాత నాటిన తీగలు. తీగలు అనడమే గానీ వాటికి పందిరీ లేదు, రాటలూ లేవు. ఒక్కోటీ మనిషి నడుమంత మోడు, నెత్తిన నాలుగైదు కొమ్మలు వేసుకుని ఎవరి ఆసరా లేకుండా నిలబడి ఉంటుంది. నూట ఇరవై ఏళ్ళు దాటాయి. నీళ్ళు పెట్టరు. వేళ్ళు ఎంత లోతుకు పోయాయో చూసినవాడు లేడు. మిగతా జిల్లాల్లో వేరుపురుగు తోటలకు తోటలే తినేసిన రోజుల్లో కూడా ఇక్కడి మోళ్ళ జోలికి రాలేకపోయింది, ఇసుకలో అది బతకలేదు. ఇప్పుడు తోటకు మూడు వైపులా ఒకే రంగు వేసిన కొత్త ఇళ్ళు, నాలుగో వైపు రైలు పట్టాలు.

దెల్ఫీనా ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఊళ్ళో సగం మంది ఆమె చేత "కూర్చో" అనిపించుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒకడు ఇప్పుడు పోలీసు. అయినా ఆమె ట్రక్కు ఎదురుగా వస్తే తన సీటు బెల్టు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాడు. పెళ్ళి ఒకటి చేసుకుంది. నాలుగేళ్ళకు ఆయన ఫ్రెస్నో వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, ఈమె వెనక్కి పిలవలేదు. కోతల కాలంలో తెల్లారకముందు తోటకు, తెల్లారాక బస్సుకు వెళ్ళేది. సెప్టెంబరు నెలంతా చేతులు ఊదారంగులో ఉండేవి. స్టీరింగు మీద ఆ చేతులు చూసి చిన్నపిల్లలు కిక్కురుమనేవాళ్ళు కాదు.

జులై ఆఖర్లో ఒక మధ్యాహ్నం ట్రెవర్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు. పద్నాలుగేళ్ళుగా తోట పంటంతా కొంటున్న కంపెనీలో వైన్ చేసే పెద్ద అతనే. ముప్పై తొమ్మిదేళ్ళవాడు, మర్యాదస్తుడు, ఆ కొత్త ఇళ్ళల్లోనే ఒకదాంట్లో ఉంటాడు. ఆ రోజు బూట్లు మరీ ఎక్కువసేపు దులుపుకుంటుంటే దెల్ఫీనాకు అనుమానం వచ్చింది.

"ఈ ఏడు పంట మాకు వద్దండీ దెల్ఫీనా గారూ. చెప్పాలంటే నాకే బాధగా ఉంది."

"బాధగా ఉంటే చెప్పకు."

"పైవాళ్ళు తేల్చేశారు. మీ తోట వైన్ మండుతోంది. తాగినవాళ్ళందరిదీ అదే మాట, గొంతులో నిప్పు తప్ప ఇంకేం తగలట్లేదని. జిన్‌ఫాండెల్ అంటే ఏ ఊరిదో నాలిక మీదే తెలిసిపోవాలి. డ్రై క్రీక్ ఉంది, అమడోర్ ఉంది, పాసో రోబుల్స్ ఉంది. మన పక్కనున్న లోడై కూడా పేరు తెచ్చుకుంది. ఇసుకలో ఏముంటుంది చెప్పండి? ఇసుకే ఉంటుంది."

దెల్ఫీనా అతని వైపు కాసేపు చూసింది. బస్సు అద్దంలో వెనక సీటును చూసే చూపు అది.

"అవన్నీ నువ్వు తాగావా?"

"అదే కదండీ నా ఉద్యోగం."

"నేను తాగలేదు. తాగొచ్చి చెప్తాను. వెళ్ళిరా."

అర్నాల్దో తలుపు వెనక నుంచి అంతా విన్నాడు. ఆమె కన్నా ఆరేళ్ళు చిన్న, ఎడమ మోకాలు అరిగిపోయింది, భార్య పోయింది, కూతురు ఆరెగాన్‌లో ఉంది. ముప్పై ఏళ్ళుగా తోట మంచీచెడ్డా చూస్తున్నది అతనే. తోట కొంటామని ఇళ్ళు కట్టేవాళ్ళు పంపిన కాగితం వసంతకాలం నుంచీ వంటింటి బల్ల మీద ఉప్పుడబ్బా కింద ఉంది. దాని మీద ఇద్దరి సంతకాలూ కావాలి. అతనిది పడిపోయింది.

"ఇంక వదిలెయ్యక్కా."

"దేన్ని?"

"కొనేవాడే వద్దన్నాక ఈ కాయల్ని ఏం చేసుకుంటాం? నేను ఇంకెన్నాళ్ళు వంగుతాను?"

"నిన్ను వంగమన్నదెవరు? నిలబడి చూడు."

అర్నాల్దో కుర్చీ లాక్కుని కూర్చుని, మోకాలు నిమురుకుంటూ చెప్పాడు. "నేను నిన్ను బలవంతం చెయ్యను. పంట దిగి, వైన్ అయ్యేదాకా ఆగుతాను. ఈ తోట ఉండాలనడానికి ఒక్క కారణం చూపించు. నాన్న నాటిన వరస, అమ్మ కూర్చున్న చోటు, అవన్నీ నాకూ తెలుసు, అవి చెప్పొద్దు. గ్లాసులో పోసి, నాలిక మీద పెట్టి చూపించు. చూపించలేకపోతే సంతకం పెట్టెయ్."

"చూపిస్తే?"

"నా సంతకం నేనే కొట్టేస్తా."

మాట అయిపోయింది. దెల్ఫీనా ఆ రాత్రి తీపిరొట్టెకు పిండి కలిపింది.

విచిత్రమేమిటంటే, జిన్‌ఫాండెల్ మోళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి పరాయి ఊరి జిన్‌ఫాండెల్ ఒక్క చుక్క రుచి చూడలేదు. ఇంట్లో పీపా ఉండగా ఊరి మీద పడి తాగడమేమిటని వాళ్ళ నాన్న జెరోనిమో అనేవాడు. పీపాలు పోయి కంపెనీ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. తెలియని దాని మీద బోలెడంత తిరస్కారం పెట్టుకుని ఆగస్టులో నాలుగు ఆదివారాలు ఆమె ట్రక్కు తీసింది. డబ్బిచ్చి తాగే అలంకారపు గదుల ముందు ఆగనే లేదు. అక్కడ పోసేది ఉగ్గుగిన్నెడు, చెప్పేది గంటసేపు. రోడ్డు పక్క పాత మోళ్ళు కనిపించిన ఇంటి ముందు ఆపి, తలుపు కొట్టి, రొట్టె చేతిలో పెట్టి, "నాదీ జిన్‌ఫాండెలే. ఓక్లీ. మీది ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను," అనేది. అలా అడిగితే తలుపు వేసే రైతు ఆ రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు.

మొదటి ఆదివారం లోడై. బాగుండకూడదని మొక్కుకుని వెళ్ళింది. ముసలి దంపతులు వరండాలో కూర్చోబెట్టి పోశారు. మెత్తగా, మిగల పండిన ప్లమ్ పండులా, ఏ గొడవా లేకుండా గొంతు దిగిపోయింది. తిరిగి ట్రక్కెక్కి తలుపు దడాలున వేసుకుని, పాలు తాగినట్టుంది, దానికింత పేరా అని పైకే అంది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. నదీ వంతెన దాటేలోపు ఒప్పుకుంది.

రెండో ఆదివారం డ్రై క్రీక్. అక్కడి వైన్ మెత్తనిది కాదు. మిరియాలు దంచి పోసినట్టు ముక్కుకు తగిలింది, వెనక నుంచి కంచె మీది బ్లాక్‌బెర్రీల పులుపు వచ్చింది. రెండో గ్లాసు అడిగి పోయించుకుని, "దొంగవెధవలు, బాగా చేశారు," అంది. పోసినావిడ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది. మూడో ఆదివారం నాలుగు గంటలు నడుపుకుంటూ దక్షిణానికి, పాసో రోబుల్స్. సున్నపురాయి కొండలు, మాడ్చే ఎండ, చిక్కటి వైన్. ఎండిన అంజూరలు గుర్తొచ్చాయి. రోజూ తాగలేను గానీ కాల్చిన మాంసంతో అయితే తాగుతాను అనుకుంది. ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో సీసా ఇచ్చారు. వాటి మీద అంటుకాగితం ముక్క వేసి ఊరి పేరు రాసుకుంది.

అయితే ప్రతిచోటా ఆమె కూడా తన సీసా తీసేది. కంపెనీ ఆమె తోట పంటతో చేసి, కిందటేడు బయటికి పంపిన వైన్ అది. లోడైలో ఇద్దరూ ఒక గుక్క తాగి బాగుందన్నారు. డ్రై క్రీక్‌లో ఆవిడ బాగుందంది. పాసో రోబుల్స్‌లోనూ అదే. మూడో చోట దెల్ఫీనా కళ్ళు గ్లాసు మీదే పెట్టి చూసింది. బాగుందన్నవాళ్ళెవరూ రెండో గుక్క తాగడం లేదు. ఇంటికొస్తూ ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి, కాగితం కప్పులో తనదే పోసుకుని తాగింది. మండింది. గొంతులో గీరుకుంటూ దిగి, దిగాక ఏమీ మిగల్లేదు. ట్రెవర్ అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుస్తున్నందుకు కోపమూ వచ్చింది. ముప్పావు సీసా వైన్‌ని బంకు వెనక గడ్డిలో ఒంపేసింది.

నాలుగో ఆదివారం వెళ్ళకుండా ఉండిపోదామనుకుంది. రొట్టె అప్పటికే చేసేసింది కాబట్టి వెళ్ళింది.

అమడోర్ కొండల్లో ఫిడిల్‌టౌన్ దాటాక ఎర్రమట్టి. అక్కడి తోట సిల్వియో గందోల్ఫీది. ఎనభై ఒక్క ఏళ్ళు, చెవులకు మిషన్లు, నడుముకు తాడు. రొట్టె తీసుకుని వాసన చూసి, ఆమె సీసా మూత తనే తీశాడు. ఒక గుక్క తాగాడు. బాగుందని అనలేదు.

"ఇది తీగ మీదే ఉడికిపోయిన ద్రాక్ష. ఎవరు కోయించారు దీన్ని?"

"కంపెనీ."

"ఏ కొలతకి?"

"పండులో చక్కెర ఇరవై అయిదు డిగ్రీలు వచ్చేదాకా ఆగమంటారు. ఆగుతాం."

"ఇరవై అయిదు ఎక్కడ? తీగ మీదా?"

"తీగ మీదే. ఒక్కో పండూ గిల్లుతారు, చక్కెర కొలిచే చిన్న దుర్భిణిలో రసం వేసి చూస్తారు."

"ఎండినవి కూడా గిల్లుతారా?"

"ఎండినదాంట్లో రసం ఎక్కడుంటుంది గిల్లడానికి? గుండ్రటివే."

సిల్వియో నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, బల్ల పట్టుకుని ఆగాడు. "నీకు జున్ను పెడతాను తల్లీ, కూర్చో," అని ఫ్రిజ్ తలుపు తీశాడు. జున్ను కోసం పాలడబ్బా పక్కకు జరిపాడు. దాని వెనక ఒక గాజు జాడీ ఉంది. జాడీ నిండా నలిపిన ద్రాక్ష, తొక్కలతో గింజలతో. మూత మీద అంటుకాగితం, దాని మీద తేదీ.

దెల్ఫీనాకు ఆ జాడీ తెలుసు. నలభై ఏళ్ళ కిందటి తమ వంటిల్లు కళ్ళ ముందుకు వచ్చింది. పాలడబ్బా వెనక ఇదే జాడీ. అది తగిలి పాలు ఒలికినప్పుడల్లా అమ్మ తిట్టేది. నాన్న తోట ఈ చివరా ఆ చివరా తిరిగి గుత్తులకు గుత్తులే తెచ్చి, పచ్చివీ పండినవీ ఎండినవీ ఏదీ ఏరకుండా చేత్తో నలిపి అందులో వేసేవాడు. మొదటి రోజు చెంచాతో రుచి చూసి ఏమీ అనేవాడు కాదు. మూడో రోజు మళ్ళీ రుచి చూసి, అప్పుడు చెప్పేవాడు కోత ఎప్పుడో.

జిన్‌ఫాండెల్ బుద్ధే అంత. ఏ రెండు పండ్లూ ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో పచ్చి కాయ, నిండు పండు, ఎండి ముడుచుకున్నదీ పక్కపక్కనే ఉంటాయి. ఎండిన వాటి తీపి కొలతకు దొరకదు. నలిపి రసంలో వేస్తే రెండు రోజులు నాని, మూడో రోజుకు తమలో దాచుకున్నదంతా వదులుతాయి. తీగ మీద ఇరవై అయిదు అంటే తొట్టిలో ఇరవై ఎనిమిది. ఆ మిగులు తీపంతా సారాగా మారి గొంతులో మండుతుంది.

"మా నాన్నకూ ఉండేది," అంది దెల్ఫీనా.

"మరి ఏమైంది?"

"కంపెనీవాళ్ళు దుర్భిణి తెచ్చిన ఏడు మా తమ్ముడు తీసి అవతల పెట్టాడు. వాళ్ళ ముందు పాత జాడీ ఏంటి, పరువు తక్కువగా అన్నాడు. నేనూ నవ్వాను."

సిల్వియో ఈసారి నవ్వలేదు. తన వైన్ పోశాడు. లవంగం వాసన, కింద తడిసిన ఎర్రమట్టి, మధ్యలో ఎక్కడా మంట లేదు. నాలుగు ఆదివారాల్లో అంత మంచిది ఆమె తాగలేదు.

"నీది నాదానికన్నా బాగుంది," అంది.

"అది నాకు తెలుసు. నీది ఎలా ఉంటుందో మాత్రం నీకింకా తెలీదు. ముందు అది చూసుకో."

మర్నాడు ఓక్లీ ఇంట్లో పాలడబ్బా వెనక జాడీ పెట్టింది దెల్ఫీనా. అర్నాల్దో కాఫీలోకి పాలు తీయబోయి దాన్ని చూశాడు. ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, మోటారు గుర్రుమంది.

"ఎవరు చెప్పారు?"

"ఫిడిల్‌టౌన్‌లో ఒక ముసలాయన. ఆయన ఇంకా పెడుతున్నాడు."

"ఇదేనా మంటకు కారణం?"

"మూడో రోజు చూద్దాం."

"అక్కా, అప్పుడు నేను..."

"నేనూ నవ్వానురా. తలుపు వెయ్యి, పాలు విరుగుతాయి."

రెండు జాడీలు మార్చాక మూడోది మూడో రోజున తీపిగా, పులుపుగా, సరిగ్గా నాన్న ముఖం విప్పారే రుచికి వచ్చింది. దెల్ఫీనాకు కొలత తెలియదు, ఆ ముఖం తెలుసు. గురువారం కోత అంది. కంపెనీ మామూలుగా కోయించే రోజుకు అది పద్దెనిమిది రోజులు ముందు.

కోసి ఏం చేయాలో కూడా ఆమె అప్పటికే తేల్చుకుంది. ఇంటి వాడకానికి ఇంటికింత వైన్ చేసుకోవచ్చని చట్టం ఉంది, అమ్మకూడదు. ఒక్క ఇంటికి నాలుగెకరాల పంట పట్టదు. అందుకని తొమ్మిది ఇళ్ళు తిరిగింది. పోర్చుగీసువాళ్ళవి నాలుగు, ఇటలీవాళ్ళవి మూడు, మెక్సికోలోని మిచోవాకాన్ నుంచి వచ్చిన వాళ్ళవి రెండు. గ్యారేజీల్లో తాతల పీపాలు బూజుపట్టి ఉన్న ఇళ్ళు. "గురువారం తెల్లారి రండి. కత్తెర తెచ్చుకోండి. మీ ఫ్రిజ్‌లో పట్టినన్ని నీళ్ళ సీసాలు గడ్డకట్టించి తెండి," అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరూ ఆ బస్సులో కూర్చున్నవాళ్ళే.

తొట్లు మాత్రం చాలలేదు. కంపెనీ పెద్ద ప్లాస్టిక్ తొట్లు పన్నెండు కిందటేడు నుంచి షెడ్డు పక్కనే బోర్లించి ఉన్నాయి. వాటిని కడిగించి వాడేసింది. గురువారం మధ్యాహ్నం ట్రెవర్ సరిగ్గా వాటి కోసమే వచ్చాడు. చూస్తే అన్నిట్లోనూ నలిపిన ద్రాక్ష, మీద తేలుతున్న మంచు సీసాలు, చుట్టూ ఊదారంగు చేతులతో ఊరి జనం.

"దెల్ఫీనా గారూ, అవి మా తొట్లు."

"అవును. కడిగి పెట్టాను, చూడు ఎంత శుభ్రంగా ఉన్నాయో."

ట్రెవర్ అలవాటు కొద్దీ జేబులోంచి దుర్భిణి తీసి తొట్టిలోంచి ఒక చుక్క వేసి చూశాడు. అతని ముఖంలో నిజంగానే జాలి కనిపించింది.

"ఇరవై రెండు. ఇంకా కాయే. తొందరపడి మొత్తం పాడు చేసుకున్నారు. నన్నొక్కసారి అడగాల్సింది."

"పద్నాలుగేళ్ళు నిన్నూ నీ ముందు వాణ్ణీ అడిగే కోశాం."

"మరి తొట్లు?"

"శనివారం రా. ఆ దుర్భిణి కూడా తెచ్చుకో."

తొట్లు వాళ్ళవే, ఇవ్వకపోవడం తప్పే. ఆ తప్పు ఆమె సంతోషంగా చేసింది.

శనివారం ట్రెవర్ వచ్చేసరికి మంచు సీసాలు మూడోసారి మార్చి ఉన్నాయి, ఆ చల్లదనానికి రసం ఇంకా పులిసి పొంగడం మొదలుపెట్టలేదు. అర్నాల్దో తొట్టి గట్టు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ట్రెవర్ అడుగు నుంచి బాగా కలిపి చుక్క తీశాడు. చూశాడు. అద్దం చొక్కాకు తుడిచి ఇంకో తొట్టిలోది తీశాడు. మూడో తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

"ఎంత?" అంది దెల్ఫీనా.

"ఇరవై అయిదు."

"అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూ." అతను వేళ్ళతో రసంలోంచి ఒక తొక్క తీశాడు. గురువారం ముడుచుకున్న ఎండుపండు అది, ఇప్పుడు ఉబ్బి మెత్తగా ఉంది. "నేను చదువుకున్నాను ఇది. కాలేజీలో చెప్పారు. మూడు డిగ్రీలు తేడా వస్తుందని మాత్రం అనుకోలేదు. అంటే నేను ఆగమన్న ప్రతి ఏడూ..."

"మండింది ఇసుక కాదు బాబూ," అంది దెల్ఫీనా. "నీ తేదీ."

"అవునండీ, నా తేదీయే," అన్నాడతను. చదువుకున్నవాడు ఎదుటివాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడం ఆమె అంతకుముందు చూసి ఉండలేదు. ఆ ఒక్కదానికి అతన్ని క్షమించినా, ఆ సంగతి పైకి తెలియనివ్వలేదు. కంపెనీతో మాట్లాడతానని, పంట మళ్ళీ తీసుకునేలా చేస్తానని అతనే అన్నాడు. డిసెంబరులో నిజంగానే కాగితం తెచ్చాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివింది. అన్నీ బాగానే ఉన్నాయి. కోత తేదీ కంపెనీ నిర్ణయిస్తుంది అన్న వాక్యం మాత్రం పాతది పాతగానే ఉంది. దెల్ఫీనా ఆ వాక్యం మీద అడ్డగీత కొట్టి, పక్కన తన పేరు రాసి ఇచ్చింది.

"వాళ్ళు ఒప్పుకోరండీ. ఏ తోటకీ ఒప్పుకోరు."

"అయితే ఏ తోట దగ్గరికైనా వెళ్ళమను."

"ఒక్క లైను కోసం మొత్తం పోగొట్టుకుంటారా?"

"ఆ ఒక్క లైనులోనే పద్నాలుగేళ్ళు పోయాయి. మళ్ళీ ఇవ్వను."

అర్నాల్దో ఆ మాటలన్నీ విన్నాడు. ఉప్పుడబ్బా కింద ఇళ్ళు కట్టేవాళ్ళ కాగితం అలాగే ఉంది. వారం తిరక్కుండానే కంపెనీ కుదరదని చెప్పింది. ట్రెవర్ ఫోనులో చెప్పకుండా ఇంటికొచ్చి, నిలబడే చెప్పాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "ఇంటికింత వైన్ చేసుకోవచ్చన్నారు కదా. నా ఇల్లు కూడా ఇక్కడే," అన్నాడు. "కోత రోజు తెల్లారి రా. ఆ దుర్భిణి ఇంట్లో పెట్టి రా," అంది దెల్ఫీనా.

జనవరిలో కొమ్మలు కత్తిరించే రోజులు వచ్చాయి. నది మీద పొగమంచు పదింటిదాకా విడవదు. మోళ్ళన్నీ ఆకులు రాల్చి నల్లగా, వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. కత్తిరిస్తేనే ఈ ఏడు కాపు. పీకేసే తోటను ఎవరూ కత్తిరించరు. అందుకే ఆ వారం ఇద్దరూ తోట మాట ఎత్తకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. చివరికి ఒక ఉదయం దెల్ఫీనా షెడ్డులో బల్ల మీద అయిదు గ్లాసులు పెట్టి తమ్ముణ్ణి పిలిచింది. లోడై, డ్రై క్రీక్, పాసో రోబుల్స్, అమడోర్ సీసాల నుంచి నాలుగు పోసింది. అయిదోది తమ కొత్త వైన్, పీపా నుంచి పట్టింది.

"నాలిక మీద చూపించమన్నావు. చూడు."

అర్నాల్దో వరసగా తాగాడు. లోడై దగ్గర తల ఊపాడు. డ్రై క్రీక్ దగ్గర కనుబొమ్మలు పైకి లేచాయి. పాసో రోబుల్స్ సగమే తాగాడు. అమడోర్ తాగి, "ఇది ఆ ముసలాయనదేనా?" అన్నాడు. దెల్ఫీనా అవునంది. తర్వాత అయిదోది తీసుకున్నాడు.

లేత వైన్, ఇంకా అటూ ఇటూ కాకుండా ఉంది. కానీ మంట లేదు. తేలికగా లేచిన గులాబీ వాసన, ఎర్రటి చిన్న పండ్ల పులుపు, చివర్లో నాలిక అంచున సన్నటి ఉప్పు. మధ్యాహ్నం గాలి నది మీద నుంచి తెచ్చేదే అది. మిగతా నాలుగింటిలో ఏదీ దీన్ని పోలి లేదు. అన్నిట్లోకీ గొప్పదని దెల్ఫీనా కూడా అనదు. ఇది ఇక్కడిది, ఇంకెక్కడా దొరకదు, అంతే ఆమె వాదన. తమ్ముడి చేతి వైపే చూస్తూ నిలబడింది.

అతను గ్లాసు కింద పెట్టలేదు. రెండో గుక్క తాగాడు. మూడోది తాగాడు. ఖాళీ గ్లాసు తీసుకుని కుంటుకుంటూ వెళ్ళి, పీపా దగ్గర తనే ఇంకొంచెం పట్టుకున్నాడు.

"కంపెనీ రాదు," అన్నాడు అటు తిరిగే.

"రాదు."

"ఇంకొకడు దొరుకుతాడో లేదో."

"దొరక్కపోతే తొమ్మిదిళ్ళు ఉన్నాయి. ఆ ట్రెవర్‌తో పది."

"మొండిదానివి."

"నిలబడటానికి ఇంకేం కావాలిరా?"

అర్నాల్దో గ్లాసు ఖాళీ చేసి వంటింట్లోకి వెళ్ళాడు. ఉప్పుడబ్బా జరిపిన చప్పుడు వినిపించింది, సొరుగులో పెన్ను వెతికిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో నాన్న కత్తెర ఉంది.

"మోకాలు?" అంది దెల్ఫీనా.

"అది నాతోనే వస్తుంది, దానికి వేరే పనేముంది?"

దెల్ఫీనా మొదటి వరసలోకి దిగింది. అర్నాల్దో రెండో వరసలో మొదటి మోడు ముందు మెల్లగా వంగి, రాబోయే కాపుకు రెండు కణుపులు ఉంచి, మిగతా కొమ్మ కత్తిరించాడు.